పేవర్ బ్లాకుల్లో ఫ్లై యాష్, బాటం యాష్ వినియోగం: ఒక కేస్ స్టడీ

కాంక్రీటు పేవర్ బ్లాకులు తయారుచేసే ఒక మధ్యతరహా కర్మాగారం, తన మిక్సులోని సిమెంటులో కొంత భాగానికి బదులు థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే ఫ్లై యాష్‌ను (పొగతో పాటు ఎగిరే సన్నని బూడిద), ఇసుకలో కొంత భాగానికి బదులు అదే కేంద్రపు బాటం యాష్‌ను (బాయిలరు అడుగున పడే ముతక బూడిద) వాడాలని నిర్ణయించింది. మిక్స్ డిజైన్, నాణ్యత నియంత్రణ బాధ్యతలు నాకు అప్పగించారు. ఆ పనిలో తలెత్తిన సమస్యను, దాని మూలాన్ని పట్టుకున్న తీరును, చివరికి స్థిరపడిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పారిశ్రామిక వ్యర్థాల గురించిన చర్చ సాధారణంగా ఎంత శాతం కలపవచ్చన్న ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఈరోజు గేటులోకి వచ్చిన బూడిద నిన్నటి బూడిద లాంటిదేనా అన్న ప్రశ్నకు రోజూ జవాబు చెప్పగలిగే ఏర్పాటు లేనిదే ఆ శాతానికి విలువ లేదని ఈ కేసు నాకు స్పష్టంగా చూపించింది.

సిమెంటును తగ్గించాలని ఎందుకు అనుకుంటామో ముందు క్లుప్తంగా చెప్పాలి. సున్నపురాయిని, మట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చితే క్లింకర్ వస్తుంది, దాన్ని పొడి చేస్తే సిమెంటు. ఇంధనం నుంచి వెలువడే వాయువుల సంగతి అటుంచితే, సున్నపురాయే విడిపోయి తన బరువులో 44 శాతం మేర కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. క్లింకర్‌లో సుమారు 65 శాతం కాల్షియం ఆక్సైడ్ ఉంటుంది కనుక, టన్ను క్లింకర్‌కు అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఈ రసాయన చర్య వల్లనే వస్తుంది. బట్టీని ఎంత మెరుగుపరచినా ఈ భాగం తగ్గదు. తగ్గాలంటే క్లింకర్ వాడకమే తగ్గాలి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. నీటితో వేగంగా చల్లార్చిన బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌కు (ఇనుము తీసే కొలిమిలో మిగిలే వ్యర్థానికి) గట్టిపడే గుణం ఉందని జర్మనీలో ఎమిల్ లాంగెన్ 1862లోనే గుర్తించాడు. కాంక్రీటులో ఫ్లై యాష్ గురించి రేమండ్ డేవిస్ బృందం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి 1937లో పరిశోధన పత్రం ప్రచురించింది. 1953లో పూర్తయిన అమెరికాలోని హంగ్రీ హార్స్ డ్యామ్‌లో దాన్ని పెద్ద ఎత్తున వాడారు.

మిక్సు, దాని హద్దులు

పేవర్ బ్లాకులో రెండు పొరలు ఉంటాయి. ఎక్కువ మందంతో ఉండే కింది పొర బరువును మోస్తుంది. పలుచగా ఉండే పై పొర అరుగుదలను తట్టుకుంటుంది, రంగును, నునుపును ఇస్తుంది. కింది పొర బైండరులో (సిమెంటు, బూడిద కలిసిన బంధక పదార్థంలో) బరువు లెక్కన 30 శాతం ఫ్లై యాష్, ఇసుకలో ఘనపరిమాణం లెక్కన 20 శాతం బాటం యాష్ వాడాలని ప్రతిపాదించాను. బాటం యాష్ గుల్లగా, తేలికగా ఉంటుంది కనుక దాన్ని బరువు లెక్కన మార్చితే అచ్చులో చోటు లెక్క తప్పుతుంది. అందుకే ఘనపరిమాణాన్ని ఆధారంగా తీసుకున్నాను. పై పొరలో బాటం యాష్ అసలు వద్దన్నాను, దాని కారణం తరువాత చెబుతాను.

బ్లాకుల మిక్సు మామూలు కాంక్రీటులా ప్రవహించదు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, అరచేతికి కాస్త తడి మాత్రమే అంటేంత పొడిగా ఉంటుంది. యంత్రం దాన్ని అచ్చులో నింపి, కంపనంతోను ఒత్తిడితోను కొన్ని సెకన్లలో కుదించి, వెంటనే అచ్చును పైకి లాగేస్తుంది. అంత తక్కువ తేమతో రేణువులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకోవాలంటే నీటి తలతన్యతను తగ్గించే రసాయనం కొద్ది మోతాదులో కలపాలి. ఈ రసాయనమే ఈ కేసులో కీలకమైంది.

ఫ్లై యాష్ ఎలా పనిచేస్తుందో ఇక్కడే చెప్పడం అవసరం. సిమెంటు నీటితో కలిసినప్పుడు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేటుతో పాటు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా ఏర్పడుతుంది. ఫ్లై యాష్‌లోని గాజు స్వభావం గల సిలికా, అల్యూమినా ఈ హైడ్రాక్సైడ్‌తో నెమ్మదిగా చర్య జరిపి మరింత బంధక పదార్థాన్ని ఇస్తాయి. మొదటి రోజుల్లో బూడిద చేసే రసాయన సాయం చాలా తక్కువ. 28 రోజులు దాటాక కూడా బలం పెరుగుతూనే ఉంటుంది. అయితే కర్మాగారం మర్నాడు ఉదయమే బ్లాకులను పలకల మీది నుంచి తీసి పేర్చాలి. అందువల్ల మొదటి రాత్రి బలాన్ని కాపాడడానికి, బ్లాకులను గట్టిపడనిచ్చే క్యూరింగ్ గదిని గట్టిగా మూసి, సిమెంటు తన చర్యలో విడుదల చేసే వేడి, తేమ బయటికి పోకుండా చూశాం. సిమెంటు మొత్తాన్ని పెంచడానికి మాత్రం ఒప్పుకోలేదు. బైండరు మొత్తాన్ని పెంచి, అందులో 30 శాతం బూడిద ఉందని చెప్పుకోవడం కాగితం మీద బాగుంటుంది కానీ, ఘనమీటరుకు సిమెంటు ఎన్ని కిలోలు తగ్గిందన్నదే అసలు లెక్క.

బలంలో హెచ్చుతగ్గులు

ప్రయోగ దశలో ఫలితాలు సంతృప్తికరంగానే ఉన్నాయి. నిత్యోత్పత్తిలోకి దిగాక కొన్ని లాట్లు చీల్పు బల పరీక్షలో (బ్లాకును నొక్కి రెండుగా చీల్చే పరీక్షలో) వెనకబడసాగాయి. కొనుగోలుదారు కోరిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 1338 ప్రకారం ఈ బలం లక్షణ విలువగా (దాదాపు బ్లాకులన్నీ చేరుకోవలసిన విలువగా) 3.6 మెగాపాస్కల్‌కు తగ్గకూడదు, ఏ ఒక్క బ్లాకూ 2.9 మెగాపాస్కల్ కన్నా దిగువన ఉండకూడదు. మంచి లాట్లు ఆ హద్దును సునాయాసంగా దాటుతుండగా, అదే మిక్సు, అదే యంత్రం, అదే షిఫ్టు నుంచి వచ్చిన మరికొన్ని లాట్లు అంచున నిలిచాయి.

కర్మాగారం సిబ్బంది తీర్పు వెంటనే వచ్చింది: బూడిద సరిగా గట్టిపడడం లేదు, కనుక 30ని 20 శాతానికి తగ్గించాలి. వ్యర్థ పదార్థం కలిసిన ప్రతి మిక్సులోనూ మొదటి అనుమానం దాని మీదికే పోతుంది. ఆ అనుమానాన్ని తప్పు పట్టను కానీ, శాతాన్ని ముట్టుకునే ముందు కొంత ఆగమని కోరాను. బూడిద నెమ్మదితనమే కారణమైతే ఆ లోటు అన్ని లాట్లలోనూ కనబడాలి, వయసు పెరిగేకొద్దీ పూడిపోవాలి. ఇక్కడ కొన్ని లాట్లు మాత్రమే బలహీనంగా ఉన్నాయి, పైగా నెలలు గడిచినా అవి మిగతావాటిని అందుకోలేదు.

అందుకని చీలిన ముఖాలను దగ్గరగా చూడడం మొదలుపెట్టాను. మంచి బ్లాకు చీలినప్పుడు పగులు కంకర రాళ్లను కూడా చీల్చుకుంటూ పోతుంది, ముఖం దట్టంగా, ఒకే రంగులో కనిపిస్తుంది. బలహీనమైన బ్లాకులో రాళ్లు చీలకుండా సిమెంటు గుజ్జు నుంచి ఊడివచ్చాయి. అవి కూర్చున్న చోట నున్నని గుంటలు మిగిలాయి. కింది అంచుకు, మూలలకు దగ్గరలో సన్నని ఖాళీలు గుంపుగా ఉన్నాయి, కొన్ని రాళ్ల మీద గుజ్జు పూత పూర్తిగా పట్టలేదు. ఇది రసాయన చర్య చాలని కాంక్రీటు కన్నా, సరిగా కుదించుకోని కాంక్రీటును గుర్తుచేసే ముఖం. దాంతో అచ్చు నుంచి బయటికి రాగానే పచ్చి బ్లాకులను తూచే ఏర్పాటు చేశాం. ఎత్తు సమానంగా ఉన్నా, తరువాత బలహీనంగా తేలిన లాట్ల బ్లాకులు పచ్చిగా ఉన్నప్పుడే తేలికగా ఉన్నాయి. కాంక్రీటులో 2 శాతం ఖాళీలు మిగిలితే బలం 10 శాతానికి పైగా, 5 శాతం మిగిలితే సుమారు 30 శాతం వరకు తగ్గుతుందన్నది ఈ వృత్తిలో ఉన్నవారికి బాగా తెలిసిన విషయమే. బరువులో కనిపించిన తేడా బలంలో వచ్చిన లోటును వివరించడానికి సరిపోయింది.

ఇక మిగిలిన ప్రశ్న, ఆ రోజుల్లో మిక్సు ఎందుకు కుదించుకోలేదన్నది. యంత్రం కంపనం, నింపే సమయం, ఇసుక తేమ, కంకర సైజులు అన్నీ పరిశీలించాం. వేటిలోనూ లాట్లతో కలిసివచ్చే మార్పు కనిపించలేదు. బూడిద టాంకర్ల రాకతో మాత్రం అది కలిసివచ్చింది. భద్రపరచిన నమూనాలను తెల్లని పింగాణీ పలక మీద పక్కపక్కనే పరిచి చూస్తే కొన్ని లేత బూడిద రంగులోను, కొన్ని స్పష్టంగా నల్లబారి ఉన్నాయి. ఆ నలుపు కాలకుండా మిగిలిన బొగ్గు. దాని రేణువులు సూక్ష్మ రంధ్రాలతో నిండి ఉంటాయి. నీటి తలతన్యతను తగ్గించడానికి కలిపిన రసాయనాన్ని అవి పీల్చేసుకుంటాయి, ఇసుక రేణువుల మధ్యకు చేరవలసిన మోతాదు బొగ్గులోనే చిక్కుబడిపోతుంది. మిక్సు చూపుకు ఎప్పటిలాగే ఉన్నా అచ్చులో సర్దుకోదు.

సరఫరాదారు ఇచ్చిన పత్రాల్లో కాల్చినప్పటి బరువు నష్టం ప్రతి నెలా పరిమితిలోనే ఉంది. ఆ పత్రం నెలంతా పోగుచేసి కలిపిన నమూనా మీద చేసిన పరీక్ష. కలిపిన నమూనా సగటును చెబుతుంది, టాంకరును చెప్పదు. పైగా బరువు నష్టం బొగ్గు ఎంత ఉందో సుమారుగా చెబుతుందే తప్ప, ఆ బొగ్గు రసాయనాన్ని ఎంత పీల్చగలదో చెప్పదు. బరువు నష్టం సమానంగా ఉన్న రెండు బూడిదలు పీల్చడంలో బాగా తేడాగా ప్రవర్తించవచ్చు.

బూడిద వచ్చే చోట జరిగేది

విద్యుత్ కేంద్రంలో బూడిదను నిర్వహించే సిబ్బందితో కూర్చుని మాట్లాడాక చిత్రం పూర్తయింది. పొగలోని బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌లో వరుసగా కొన్ని అరలు ఉంటాయి. మొదటి అర ఎక్కువ భాగాన్ని, అందులోనూ ముతక రేణువులను పట్టేస్తుంది. తరువాతి అరల్లో పడేది మెత్తగా ఉంటుంది. కాలని బొగ్గు ఎక్కువగా ముతక భాగంలోనే చేరుతుంది. దీనికి తోడు బాయిలరు తక్కువ లోడుతో నడిచే వేళల్లోను, ఆగి మళ్లీ మొదలయ్యే సమయంలోను దహనం సరిగా జరగదు. మొదలుపెట్టేటప్పుడు చమురు కూడా కాలుస్తారు. అక్కడివారి దృష్టిలో ఇదంతా ఒకే బూడిద, అందుబాటులో ఉన్న సైలో (బూడిద నిల్వ చేసే పెద్ద తొట్టి) కింద టాంకరు నింపి పంపేవారు. వారిని నిందించలేం. వదిలించుకోవలసిన వ్యర్థంగా చూసినంత కాలం దాన్ని వేరుచేసి నిల్వ పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. కొనేవారు దాన్ని ముడిసరుకుగా చూసి, ఫలానా సైలో కావాలని అడిగినప్పుడే అది ముడిసరుకు అవుతుంది.

ఆ మాటే ఒప్పందంలో చేర్చాం. మెత్తని అరల సైలో నుంచి మాత్రమే లోడింగ్ జరగాలి, బాయిలరు మొదలైన తరువాతి కొంత సమయపు బూడిద రాకూడదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ సీ618 బరువు నష్టానికి 6 శాతం వరకు, 45 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేదానికి 34 శాతం వరకు అనుమతిస్తుంది. మా మిక్సుకు ఈ హద్దులు చాలా వదులుగా ఉన్నాయి కనుక బరువు నష్టాన్ని 3 శాతానికి కుదించాం. అదే ప్రమాణంలో ఎక్కువమంది పట్టించుకోని మరో నిబంధన ఉంది: జల్లెడ మీద మిగిలే శాతం అంతకుముందు నమూనాల సగటుకు 5 శాతపు పాయింట్లను మించి అటూఇటూ కాకూడదు. నా దృష్టిలో గరిష్ఠ హద్దు కన్నా ఈ నిలకడ నిబంధనే ముఖ్యం. కొంచెం ముతకగా ఉన్నా ఎప్పుడూ అంతే ముతకగా ఉండే బూడిదకు మిక్సును సరిపెట్టుకోవచ్చు. రోజుకో రకంగా వచ్చే బూడిద సగటున ఎంత మేలైనదైనా దాంతో పని చేయలేం.

గేటు దగ్గర టాంకరు పైమూత తెరిచి వేర్వేరు లోతుల నుంచి నమూనా తీస్తారు. రంగును ప్రామాణిక నమూనా పక్కన పెట్టి పోల్చుతారు. తడి జల్లెడతో 45 మైక్రాన్ల పరీక్ష చేస్తారు. తరువాత నురగ పరీక్ష: కొద్ది బూడిద, సిమెంటు, నీరు సీసాలో వేసి, నురగనిచ్చే రసాయనాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ప్రతిసారీ మూత పెట్టి కుదుపుతారు. మొదట్లో నురగ వచ్చినట్టే వచ్చి పగిలిపోతుంది. బొగ్గు దాహం తీరాక సీసా అంచు వెంబడి బుడగలు విడిపోకుండా నిలుస్తాయి. అందుకు ఎన్ని చుక్కలు పట్టాయన్నదే ఫలితం. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు, టాంకరు ఖాళీ చేసే లోపే తీర్పు చెప్పవచ్చు. బరువు నష్టాన్ని ల్యాబులో 750 డిగ్రీల కొలిమిలో విడిగా, నిర్ణీత వ్యవధుల్లో చూస్తాం. నిత్యం నిర్ణయం తీసుకునేది మాత్రం సీసాతోనే. ఈ పద్ధతి అమలయ్యాక పచ్చి బ్లాకుల బరువులో హెచ్చుతగ్గులు సర్దుకున్నాయి, చీల్పు బలం కూడా దానితోపాటే స్థిరపడింది. బూడిద 30 శాతంగానే కొనసాగింది.

గేటు పరీక్షల్లో అమ్మోనియాను కూడా చేర్చాను. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి అమ్మోనియాను చల్లే కేంద్రాల్లో దాని లవణాలు బూడిద మీద పేరుకుంటాయి. పొడిగా ఉన్నంతసేపూ వాసన రాదు. సిమెంటు క్షారంతో కలవగానే అమ్మోనియా వాయువు విడుదలవుతుంది. బ్లాకు బలానికి దీనివల్ల చెప్పుకోదగ్గ హాని లేదు కానీ, మూసిన క్యూరింగ్ గదిలోకి అడుగుపెట్టే కార్మికుల కళ్లకు, ఊపిరికి ఉంది. కొద్ది బూడిదను సున్నపు నీటితో మూసిన సీసాలో కలిపి, పైన తడి సూచక కాగితం వేలాడదీస్తే సంగతి తెలిసిపోతుంది.

బాటం యాష్‌కు కావలసిన జాగ్రత్త

బాటం యాష్ విషయంలో ప్రధాన సమస్య నీరు. దాని రేణువులు స్పంజిలా గుల్లగా ఉంటాయి. పొడిగా వేస్తే మిక్సులోని నీటిని పీల్చేసి సిమెంటుకు మిగల్చవు, మరీ తడిగా వేస్తే కంపనానికి ఆ నీటిని వదిలేసి బ్లాకు అడుగు మెత్తబడుతుంది. రేణువు లోపల నిండి, పైన మాత్రం ఆరి ఉన్న స్థితిని ఇసుకకు చేసినట్టు శంకువు పరీక్షతో (శంకువు అచ్చు తీశాక కుప్ప కూలుతుందేమో చూసే పరీక్షతో) తేల్చడం కష్టం, ఎందుకంటే గరుకు రేణువులు ఒకదానికొకటి చిక్కుకుని పొడిబారినా శంకువు కూలదు. అందుకే ముందురోజే నానబెట్టి, వాలు నేల మీద నీరు ఓడ్చి, వాడే ముందు తేమను ఆరబెట్టి తూచి చూసే పద్ధతి పెట్టాం. మిక్సరులో కూడా బాటం యాష్‌ను, కొంత నీటిని ముందు తిప్పి, తరువాతే సిమెంటు వేయిస్తాం. ఇలా లోపల నిలిచిన నీరు తరువాతి రోజుల్లో మెల్లగా బయటికి వచ్చి, ఫ్లై యాష్ ఆలస్యపు చర్యకు అక్కరకొస్తుంది.

రెండో సమస్య అందులోని మలినాలు. పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ముక్కలు గాలి, తేమ తగిలి తుప్పు మరకలు వేస్తాయి, ఒక్కోసారి ఉబ్బి చిన్న పెచ్చును ఊడగొడతాయి. నానబెట్టినప్పుడు కాలని బొగ్గు ముక్కల్లో చాలావరకు తేలతాయి, వాటిని తీసేయవచ్చు. పైరైటు బరువైనది కనుక తేలదు. జల్లెడ పట్టినా పూర్తిగా పోదు. పై పొరలో బాటం యాష్ వద్దనడానికి కారణం ఇదే.

ఈ పని జరుగుతుండగానే ఉక్కు తయారీ స్లాగ్‌ను ఇసుకకు బదులుగా ఇస్తామన్న ప్రతిపాదన వచ్చింది, నేను వద్దన్నాను. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్, ఉక్కు స్లాగ్ ఒకే పేరుతో చలామణి అవుతున్నా గుణాలు వేరు. నీటితో చల్లార్చిన బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ గాజులా ఉండి, పొడి చేస్తే సిమెంటుకు తోడవుతుంది. ఉక్కు స్లాగ్‌లో చర్యకు లోనుకాని సున్నం, మెగ్నీషియం ఆక్సైడ్ మిగిలి ఉండవచ్చు. సున్నం నీరు తాగి హైడ్రాక్సైడ్‌గా మారినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ రెట్టింపుకు మించి వ్యాకోచిస్తుంది, అది కూడా చాలా ఆలస్యంగా. 28 రోజుల పరీక్ష నెగ్గిన బ్లాకు వాడకంలోకి వెళ్లాక పగలవచ్చు. తగినంత కాలం తడిపి, ఆరుబయట నిల్వ ఉంచి, వ్యాకోచ పరీక్ష నెగ్గిందన్న ఆధారం లేకుండా దాన్ని సిమెంటు పదార్థాల్లో వాడకూడదు.

ఫ్లై యాష్ వాడితే బ్లాకుల మీద తెల్లని చారలు రావన్న నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ తెలుపు, కాల్షియం హైడ్రాక్సైడ్ తేమతో పైకి వచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడే కార్బొనేటు. బూడిద చర్య ముదిరాక హైడ్రాక్సైడ్ తగ్గుతుంది, రంధ్రాలు కూడా మూసుకుంటాయి, కనుక దీర్ఘకాలంలో ఆ నమ్మకం సరైనదే. తొలి రోజుల్లో మాత్రం గుజ్జు ఇంకా తెరిచినట్టే ఉంటుంది. అప్పుడే బ్లాకులను తడిగా పేర్చి ప్లాస్టిక్‌తో చుట్టేస్తే తెలుపు ఇంకా ఎక్కువగా కనిపించవచ్చు. మేము చుట్టే ముందు ఆరనిచ్చే విరామాన్ని పెంచడంతో ఆ ఫిర్యాదు తగ్గింది.

నీటిలోకి లోహాలు ఊరే పరీక్షను బూడిదకు విడిగా, పూర్తయిన బ్లాకుకు విడిగా చేయించాం. గట్టిపడిన సిమెంటు చాలా లోహాలను బంధించి ఉంచుతుంది కానీ, ఆర్సెనిక్, సెలీనియం, క్రోమియం లాంటివి క్షార వాతావరణంలో కూడా కదలగలవు. బ్లాకు ఆయుష్షు తీరాక దాన్ని నుగ్గు చేసి మళ్లీ వాడతారు కనుక, నుగ్గు చేసిన నమూనా మీద కూడా పరీక్ష జరగాలని పట్టుబట్టాను. బూడిద మూలం మారినప్పుడల్లా ఈ పరీక్షలన్నీ మళ్లీ చేయాలన్న షరతు కూడా ఒప్పందంలో ఉంది.

కార్బన్ లెక్క ఇలా ఉంటుంది. కింది పొరలో ఘనమీటరుకు 350 కిలోల బైండరు ఉందనుకుంటే, 30 శాతం మార్పుతో 105 కిలోల సిమెంటు తగ్గుతుంది. కిలో క్లింకర్‌కు ఇంధనంతో కలిపి సుమారు 0.8 నుంచి 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, సిమెంటంతా క్లింకర్ కాదన్నదీ లెక్కలోకి తీసుకుంటే, ఆదా ఘనమీటరుకు 80 నుంచి 90 కిలోల దాకా ఉంటుంది. ఇందులోంచి బూడిద రవాణాను, తిప్పి పంపిన టాంకర్ల ప్రయాణాన్ని తీసివేయాలి. బాటం యాష్‌ను తడిగా లారీలో తేవడమంటే నీటిని మోయడమే, కనుక దూరం పెరిగేకొద్దీ దాని పర్యావరణ లాభం వేగంగా కరిగిపోతుంది. బాటం యాష్ వల్ల కార్బన్ ఆదా నామమాత్రమే. దాని ప్రయోజనం సహజ ఇసుక మిగలడంలోను, బూడిద చెరువులో పేరుకునే గుట్ట తగ్గడంలోను ఉంది. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపించడానికి నేను ఒప్పుకోలేదు, కర్మాగారం తన పత్రాల్లో వాటిని విడివిడిగానే చూపిస్తోంది.

బొగ్గు విద్యుత్ తగ్గుతున్న దేశాల్లో తాజా ఫ్లై యాష్ దొరకడం కష్టమవుతోంది, పాత బూడిద చెరువుల నుంచి తవ్వి, ఆరబెట్టి వాడే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకున్న ఆ బూడిదలో ఒక్కో లోతుకు ఒక్కో గుణం ఉంటుంది. ఈ కర్మాగారం కూడా అటువైపు చూస్తోంది. అక్కడి బూడిద తడిగా వస్తుంది కనుక ముందు ఆరబెట్టి, గడ్డలు చితక్కొట్టి, ఇప్పుడు టాంకరుకు చేస్తున్న జల్లెడ, నురగ పరీక్షలను తవ్విన ప్రతి కుప్పకూ చేయాలని, కుప్పలను కలిపి ఏకరీతి చేసిన తరువాతే సైలోలోకి ఎక్కించాలని సూచించాను.